పెరటి మొక్క, కుండీ మొక్క: కుటుంబారోగ్యము

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవారిలో ఒక సామెత కలదు. దినమూ కంటి యెదుట నుండు వస్తువు విలువను మనము గుర్తింపమని ఆ సామెత అర్థమే కాని, పెరటి చెట్టు నిరుపయోగమైనదని కాదు. ఇంటి వెనుక నాలుగు గజముల చోటు, అదియు లేనిచో వరండాలో నాలుగు కుండీలు, ఒక కుటుంబము యొక్క ఆరోగ్యమునకు చేయగల మేలు చాల గొప్పది. సరియైన శ్రద్ధ లేనిచో అదే చోటు కీడునకు మూలము కాగలదు. మడిలోని ఆకుకూర బిడ్డ కంటిచూపును కాపాడును. కుండీ క్రింది పళ్లెములో నిలిచిన నీరు అదే బిడ్డకు డెంగూ జ్వరమును తెచ్చును. అందము కొరకు నాటిన చెట్టు కాయ ఒకటి, తెలియక నోట పెట్టుకొన్న పసివాని ప్రాణమునకే అపాయము కలిగింపవచ్చును. కనుక మొక్కలను ఎట్లు పెంచవలెనో, వాని వలన కలుగు మేలును ఎట్లు పొందవలెనో, కీడును ఎట్లు తొలగించుకొనవలెనో ప్రతి గృహస్థుడును, గృహిణియు తెలిసికొనుట అవసరము.

ఆకుకూరల మడి ఎందులకు?

2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో బాధపడుచున్నారు. ఆరు నెలలు నిండి ఐదేండ్లు నిండని పిల్లలలో నూటికి 67 మంది స్థితి ఇదియే. రక్తహీనత గల తల్లికి కొద్ది పనికే ఆయాసము వచ్చును. ప్రసవ సమయమున అపాయము హెచ్చగును. ఆమెకు తక్కువ బరువు గల శిశువు పుట్టవచ్చును. రక్తహీనత గల బిడ్డకు చదువు మీద మనస్సు నిలువదు.

ఎ విటమిను లోపము మరియొక చిక్కు. మొదట చీకటి పడగానే బిడ్డకు కన్ను సరిగా కనబడదు. దీనినే రేచీకటి అందురు. తరువాత కంటి తెల్లగుడ్డు కాంతి తగ్గి పొడిబారును. అశ్రద్ధ చేసినచో నల్లగుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగా పోవును. ఈ కారణము చేతనే భారత ప్రభుత్వము 1970వ సంవత్సరమున పిల్లలకు ఎ విటమిను ద్రావకమును ఇచ్చు కార్యక్రమమును ప్రారంభించినది. తొమ్మిది నెలల వయస్సు మొదలు ఐదేండ్ల వరకు ఆరు నెలలకు ఒక పర్యాయము ఈ మందును ఇప్పింపవలెను. గర్భిణులకు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రలను కూడ తప్పక వాడవలెను. పెరటి కూర ఈ మందులకు బదులు కాదు, వానికి తోడు. మందు కొన్ని నెలలకు ఒకసారి వచ్చును, కూర దినమూ కంచములోనికి వచ్చును.

మునగాకు, తోటకూర, అవిసాకు, పొన్నగంటికూర, బచ్చలి మున్నగు ముదురు ఆకుపచ్చని కూరలలో కెరోటిను అను పదార్థము సమృద్ధిగా కలదు. దీనిని మన శరీరము ఎ విటమినుగా మార్చుకొనును. బాగుగ పండిన బొప్పాయి, మామిడి పండ్లలోను ఇది ఉన్నది. కెరోటిను క్రొవ్వులో మాత్రమే కరగును. కనుక ఆకుకూరను చెంచెడు నూనెతోనైనను పోపు పెట్టి వండవలెను. ఆకుకూరలలోని ఇనుమును శరీరము సులభముగా గ్రహింపజాలదు. నిమ్మరసము, ఉసిరికాయ, జామపండు వంటి సి విటమిను గల పదార్థములను అదే భోజనములో చేర్చినచో ఆ ఇనుము బాగుగ వంటబట్టును. భోజనము కాగానే కాఫీ, టీలు త్రాగుట ఇందులకు ఆటంకము. ఒక గంట ఆగి త్రాగుట మేలు. కూరను తరిగిన పిమ్మట కాక, తరుగుటకు ముందే కడుగవలెను. కొద్ది నీటిలో మూతపెట్టి ఉడికింపవలెను. ఉడికించిన నీటిని పారబోయరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి దినమునకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అవసరమని చెప్పుచున్నది. ఇన్నియు కొని తినుట అనేక కుటుంబములకు కష్టము. అందులకే పెరడు.

చిన్న చోటులో పెద్ద ఫలము

పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల మడి యొకటి చాలును. నాలుగడుగులకు మించిన వెడల్పు ఉన్నచో కలుపు తీయుటకు మడిలోనికి కాలు పెట్టవలసి వచ్చును. త్రొక్కిన మట్టి గట్టిపడును. మడిని నాలుగు భాగములుగా విభజించి, వారమునకు ఒక భాగములో తోటకూర విత్తనములు చల్లవలెను. ఈ విత్తనము ఆవగింజ కంటెను సన్నము. కనుక పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పినచో చాలును. లోతుగా పోయిన విత్తనము మొలకెత్తదు. సుమారు నాలుగు వారములకు కూర కోతకు వచ్చును. మొదటి భాగము కోసి విత్తనము తిరిగి చల్లునప్పటికి రెండవ భాగము సిద్ధమగును. ఈ వరుసను తప్పనిచో సంవత్సరము పొడవునను ఇంటిలో కూరకు కొరత యుండదు.

బచ్చలి తీగను దడి మీద ప్రాకింపవచ్చును. నీటి తొట్టి దాపున తేమగల చోట పొన్నగంటికూర కాడలు గ్రుచ్చినచో తమంతట తామే వ్యాపించును. పుదీనా, మెంతికూరలకు వెడల్పాటి పాత బేసిన్ చాలును. కాని దాని అడుగున రంధ్రములు చేయవలెను.

పెరటి మూలలో ఒక మునగ చెట్టు తప్పక ఉండవలెను. వర్షాకాలము రాగానే మణికట్టు లావు గల కొమ్మను మూడడుగుల ముక్కగా నరికి, అడుగు లోతున నాటినచో చిగురించును. మునగకు నీరు నిలిచిన చోటు గిట్టదు. చెట్టు ఏపుగా పెరిగి చేతికి అందనప్పుడు తలను నరికినచో ప్రక్కల కొమ్మలు వేసి ఆకు చేతికి అందుచుండును. ఆషాఢ మాసమున మునగాకు తినుట తెలుగువారి ఇండ్లలో ఆచారము. ఆ ఆచారమును ఒక్క నెలకే పరిమితము చేయక సంవత్సరమంతయు పాటించుట శ్రేయస్కరము.

బొప్పాయి సుమారు పది నెలలకే కాపునకు వచ్చును. మొదలు చుట్టును నీరు నిలిచినచో కాండము కుళ్లును. కనుక మొదటిలో మట్టి ఎగదోసి, నీటిని కొంచెము దూరముగా పారనీయవలెను.

ఎరువు, నీరు

సర్ ఆల్బర్టు హోవర్డు అను శాస్త్రజ్ఞుడు మన దేశపు రైతుల పద్ధతులను శ్రద్ధతో పరిశీలించి, ఇందూరు నగరమున 1924 మొదలు 1931 వరకు పరిశోధనలు జరిపి, చెత్తను ఎరువుగా మార్చు విధానమును రూపొందించెను. ఇందూరు పద్ధతి యని పేరొందిన ఆ విధానము యొక్క సారము సులభమైనది. రాలిన ఆకులు, కూరగాయల తొక్కలు ఒక పొరగను, పశువుల పేడ ఒక పొరగను, కొంచెము మట్టి ఒక పొరగను గోతిలో పేర్చి, తడి చేసి, అప్పుడప్పుడు తిరుగవేయవలెను. సరిగా చేసినచో కుప్పలో వేడి పుట్టును. ఆ వేడికి అనేక రోగక్రిములును, కలుపు విత్తనములును నశించును. సుమారు మూడు నెలలకు నల్లని, పొడిపొడిగా రాలు, దుర్వాసన లేని ఎరువు లభించును. పచ్చి పేడను మడికి వేయరాదు. మానవ మలమును, మురుగుదొడ్డి నీటిని ఆకుకూరల దరికి చేరనీయరాదు.

బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు మంచిది. సబ్బు నీటిని అరటి మొదటికి పారింపవచ్చును గాని ఆకుకూరలకు పోయరాదు. ఉదయము గాని సాయంకాలము గాని నీరు పోయవలెను. మిట్టమధ్యాహ్నము పోసిన నీరు చాలవరకు ఆవిరియై పోవును.

పట్టణవాసులకు: కుండీల మొక్కలు

పెరడు లేనివారికి కుండీలే తోట. ప్రతి కుండీ అడుగునను రంధ్రము ఉండవలెను. ఆ రంధ్రము మీద ఒక పెంకును బోర్లించి, దానిపై ఎర్రమట్టి, చివికిన ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి నింపవలెను. పై అంచునకు రెండంగుళములు వెలితి ఉంచినచో నీరు పొరలదు.

ఇంటిలోని మొక్కలు నీరు చాలక చచ్చుట కంటె నీరు ఎక్కువై చచ్చుటయే అధికము. నీరు మట్టి సందులను నింపివేయగా వేళ్లకు గాలి అందక అవి కుళ్లును. వేలిని ఒక కణుపు లోతు వరకు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో ఆ దినము నీరు అక్కరలేదు. ఆకులు పసుపుపచ్చనై మెత్తబడుట నీరు హెచ్చైనదనుటకు గుర్తు. అంచులు ఎండి పెళుసైనచో నీరు చాలలేదనుటకు గుర్తు. ఆకులపై దుమ్ము పేరుకొన్నచో వెలుతురు సరిగా సోకదు. తడిగుడ్డతో వారమునకు ఒకసారి తుడువవలెను. వేళ్లు అడుగు రంధ్రము నుండి వెలుపలికి వచ్చినచో పెద్ద కుండీలోనికి మార్చవలెను.

ఇంటి మొక్కలు గాలిని శుద్ధి చేయునను నమ్మకము నేడు ప్రబలముగా ఉన్నది. ఇందులకు మూలము 1989వ సంవత్సరమున అమెరికా దేశపు అంతరిక్ష సంస్థ ప్రకటించిన ఒక పరిశోధన. అయితే ఆ పరీక్షలు గాలి చొరరాని చిన్న పెట్టెలలో జరిగినవి. మన ఇండ్లు అట్టివి కావు. కిటికీ తెరచినచో మారు గాలికి సమానముగ మొక్కలు పనిచేయవలెనన్నచో చదరపు మీటరు నేలకు పదులు, వందల సంఖ్యలో మొక్కలు కావలసి యుండునని 2019వ సంవత్సరమున జరిగిన సమీక్షలో తేలినది. కనుక పొగ నిండిన వంటగదికి కుండీ మొక్క చికిత్స కాదు; కిటికీ తెరచుట, పొగలేని పొయ్యి వాడుట చికిత్స. అట్లే రాత్రివేళ పడకగదిలో మొక్క ఉన్నచో ప్రాణవాయువు తరుగునను భయమును నిరాధారము. మొక్క తీసికొను వాయువు ప్రక్కన నిద్రించు మనిషి తీసికొను దానిలో అత్యల్ప భాగము మాత్రమే.

పళ్లెములో పొంచియున్న శత్రువు

దోమకును జ్వరమునకును గల సంబంధమును నిరూపించిన పరిశోధన మన తెలుగునాటనే జరిగినది. సర్ రొనాల్డు రాస్ 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. డెంగూ జ్వరమును వ్యాపింపజేయునది మరియొక జాతి దోమ. దాని పేరు ఏడిస్. నల్లని దేహముపైన, కాళ్లపైన తెల్లని చారలు ఉండును. ఇది పగటివేళ, ముఖ్యముగా ప్రొద్దు పొడిచిన పిమ్మటను, ప్రొద్దు క్రుంకుటకు ముందును కుట్టును. మురుగు కాలువలను కోరదు. మన ఇంటిలోని తేట నీటినే కోరును. కుండీ క్రింది పళ్లెము, సీసాలో పెంచు మనీప్లాంటు, పూల గుత్తులు ఉంచు పాత్ర, పెరటిలో పడియున్న కొబ్బరి చిప్ప, పాత టైరు, పక్షులకై ఉంచిన నీటి మూకుడు, ఇవి దానికి పురిటి ఇండ్లు.

ఈ దోమ గ్రుడ్లను నీటి మట్టమునకు కొంచెము పైగా పాత్ర గోడలకు అంటించును. ఆ గ్రుడ్లు నీరు లేకున్నను నెలల తరబడి జీవించును. మరల నీరు తగిలినంతనే పొదుగబడును. కనుక నీరు పారబోసిన మాత్రమున చాలదు. పాత్ర లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడుగవలెను. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు ఏడు మొదలు పది దినములు పట్టును. వారమునకు ఒక దినమును పొడి దినముగ పాటింపవలెనని చెప్పుటకు కారణము ఇదియే. ఏడవ దినమున నీరు పోయినచో ఎనిమిదవ దినమున దోమ ఉండదు.

1996వ సంవత్సరమున ఢిల్లీ నగరమున చెలరేగిన డెంగూ జ్వరమునకు పదివేల మందికి పైగా లోనైరి. నాలుగువందల మందికి పైగా మరణించిరి. ఈ జ్వరమును తెచ్చు వైరసును నశింపజేయు ప్రత్యేకమైన మందు లేదు. సకాలమున వైద్యుని పర్యవేక్షణ లభించినచో ప్రాణాపాయము చాలవరకు తప్పును. జ్వరమునకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను స్వంతముగ వాడరాదు. వాని వలన రక్తస్రావము హెచ్చును. కడుపులో తీవ్రమైన నొప్పి, ఎడతెగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, మగత, ఇందులో ఏ ఒక్కటి కనిపించినను వెంటనే వైద్యశాలకు చేర్పవలెను. జ్వరము తగ్గిన దినములలోనే ఈ లక్షణములు తలయెత్తుట కలదు గనుక జ్వరము దిగినదని ఏమరుపాటు తగదు. బొప్పాయి ఆకు రసమును నమ్ముకొని ఆలస్యము చేయరాదు.

అందమైనవి, అపాయకరమైనవి

గన్నేరు, పచ్చగన్నేరు పూలు దేవతార్చనకు వాడుట మన ఆచారము. కాని ఈ చెట్ల యందలి ప్రతి భాగమును విషము. అది గుండె నడకను చెరచును. ఉమ్మెత్త కాయ, ఆముదపు గింజ, గురివింద గింజ, నేపాళపు గింజ ఇవియు విషములే. గురివింద గింజల ఎరుపు నలుపుల సొగసును, నేపాళపు గింజల రుచిని చూచి పిల్లలు మోసపోవుదురు. ఇంటిలో పెంచు డిఫెన్‌బేకియా ఆకును కొరికినచో నోరు, నాలుక వాచి మాట పెగలదు. పచ్చి చేమదుంప గొంతులో పుట్టించు దురదకును, దీనికిని కారణము ఒకటే. సూదుల వంటి సన్నని స్ఫటికములు. మనీప్లాంటు ఆకులోను ఇవి కలవు. జెముడు జాతి మొక్కల పాలు కంట పడినచో కన్ను దెబ్బతినును. వెంటనే శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి వైద్యునికి చూపవలెను.

ఈ చెట్లన్నిటిని నరికివేయుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. పసిపిల్లలున్న ఇంటిలో వానిని నాటరాదు. ఉన్నచో పిల్లలకు అందని చోట ఉంచవలెను. కొంచెము పెద్ద పిల్లలకు మొక్కను చూపించి, పేరు చెప్పి, నోట పెట్టరాదని నేర్పవలెను. బిడ్డ ఏదైన కాయను గాని గింజను గాని తిన్నట్లు అనుమానము కలిగినచో వాంతి చేయించుటకు ప్రయత్నింపరాదు. ఉప్పునీరు, చింతపండు పులుసు వంటివి పోయరాదు. 108 నంబరునకు ఫోను చేసి, ఆ మొక్క కొమ్మనో కాయనో చేతబట్టుకొని వైద్యశాలకు పోవలెను. మొక్క కంటి యెదుట ఉన్నచో వైద్యునికి చికిత్స నిర్ణయించుట సులభమగును.

1950వ దశకము నడుమ పూనా ప్రాంతమున మొదట కనిపించి దేశమంతట వ్యాపించిన వయ్యారిభామ అను కలుపు మొక్క అనేకులకు చర్మవ్యాధిని, తుమ్ములను, ఉబ్బసమును కలిగించుచున్నది. దీనిని పూత పూయక ముందే, చేతులకు తొడుగులు వేసికొని, వేళ్లతో సహా పెరికివేయవలెను.

పురుగుల మందు విషయము

ఇంటి మడికి ఘాటైన పురుగుల మందులు అక్కరలేదు. పేనుబంక, పిండినల్లి పట్టిన కొమ్మలను తొలినాడే త్రుంచివేసినచో, సబ్బునీటిలో ముంచిన దూదితో తుడిచినచో చాలవరకు తగ్గును. వేపగింజల పప్పును పొడిచేసి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రి నానబెట్టి, తెల్లవారి వడకట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవచ్చును. చల్లిన కూరను కోసినపుడు బాగుగ కడుగవలెను.

పొలము కొరకు తెచ్చిన మందును పెరటి కూరలపై చల్లుట మిక్కిలి ప్రమాదము. 2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లాలో ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. ఆ వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుల మందు కలిసి యున్నట్లు పరీక్షలలో తేలినది. ఈ దారుణమును ఏ కుటుంబమును మరువరాదు. పురుగుల మందును వంట సామగ్రితో పాటు ఉంచరాదు. నీళ్ల సీసాలలో పోసి దాచరాదు. ఖాళీయైన డబ్బాను ఎంత కడిగినను మరి దేనికిని వాడరాదు.

మట్టిలో పనిచేయునపుడు

మట్టిలోను, పశువుల పేడలోను ధనుర్వాత క్రిములు ఉండును. ముల్లు గ్రుచ్చుకొన్నను, పార తగిలినను గాయమును సబ్బుతో కడిగి, టీకా విషయము వైద్యుని అడుగవలెను. మలముతో కలుషితమైన నేలపై చెప్పులు లేక నడచినచో కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మము గుండ లోనికి చొచ్చి, ప్రేగులలో చేరి రక్తమును పీల్చును. ఒక చేత ఆకుకూర తినుచు, మరియొక ప్రక్క కొంకిపురుగులకు రక్తమును అర్పించుట వలన ఫలమేమి? కనుక చెప్పులు తొడిగి పనిచేయవలెను, పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగవలెను, మరుగుదొడ్డినే వాడవలెను.

వారమునకు ఒక దినము చేయవలసిన పనులు

1. కుండీల పళ్లెములు, పూల పాత్రలు, మనీప్లాంటు సీసాలు, పక్షుల నీటి మూకుళ్లు ఖాళీచేసి పీచుతో రుద్ది కడుగవలెను. పళ్లెములో ఇసుక నింపుట మరియు మేలు.

2. నీటి తొట్టెలపై మూతలు సరిగా ఉన్నవో లేవో చూడవలెను.

3. పెరటిలోని టెంకాయ చిప్పలు, పగిలిన కుండలు, టైర్లు తొలగింపవలెను.

4. ఆకుల అడుగుభాగములను తిప్పి చూచి, పురుగు పట్టిన వానిని త్రుంచివేయవలెను.

5. మడిలో ఒక భాగమున కొత్త విత్తనము చల్లవలెను.

ఈ పనులన్నింటికి కలిపి ఒక గంట మించదు. ఇంటిలోని పెద్దలును, పిల్లలును కలిసి చేసినచో అంతకాలమును పట్టదు. వృద్ధులకు ఇది తేలికైన వ్యాయామము. పిల్లలకు పుస్తకములలో దొరకని చదువు.

దేశములో చెట్లను పెంచుటకై 1950వ సంవత్సరమున కన్నయ్యలాల్ మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. ఆనాటి నుండి ఏటేట కోట్లకొలది మొక్కలు నాటబడుచున్నవి. నాటుట ఒక్కనాటి ఉత్సవము. పెంచుట దినదిన కృషి. ఆ కృషికి మన ఇంటి పెరడే మొదటి స్థలము. ఈ వారమే ఒక మునగ కొమ్మను నాటుడు. ఒక మడికి తోటకూర విత్తనము చల్లుడు. ఈ పత్రికను ప్రక్కన పెట్టిన వెంటనే, మీ ఇంటి కుండీల క్రింద నీరు నిలిచి యున్నదేమో ఒకసారి వంగి చూడుడు.